మూడు సెకన్ల మీట

మా అవ్వకు చదువు రాదు, అంకెలు వస్తాయి. మగ్గమున్న ఇంట పుట్టి, మగ్గమున్న ఇంటికే కోడలై వచ్చిన మనిషికి నూలు లెక్కా కూలి లెక్కా తెలియకుండా రోజు గడవదు. ఆ అంకెల సాయంతోనే ఆమె దాదాపు పదిహేనేళ్ళు ఒక వీడియో యంత్రాన్ని ఏ తడబాటూ లేకుండా నడిపింది. అదే మనిషి 2019లో, నేను చేతిలో పెట్టిన ఫోనులో ఒక్క బొమ్మను నిలపలేక, "నాకు కండ్లు పోయినాయిలే నాయనా, ఇంక ఇది నీ దగ్గరే పెట్టుకో" అని తిరిగి ఇచ్చేసింది.

కండ్ల మాట కొంత నిజమే. ఒక కంటికి శుక్లం తీయించాము, రెండవది తీయించుకోనని మొండికేసింది. అయినా ఆ రోజు తప్పు ఆమె కండ్లదని నేను ఒప్పుకోలేకపోయాను. ఎందుకంటే అటువంటి మీటలను తెరమీద గీసి, దానికి జీతం పుచ్చుకొని బ్రతుకుతున్నవాణ్ణి నేను.

మాది ఎమ్మిగనూరు. కర్నూలు జిల్లాకు పడమటి కొస. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేతకారుల సహకార సంఘం వల్ల ఊరికి పేరు వచ్చింది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నా చిన్నతనంలో మా వీధిలో తెల్లవారితే కోడికూత కంటే ముందు మగ్గం చప్పుడు వినబడేది. రైలెక్కాలన్నా, పత్తి అమ్మాలన్నా, పెండ్లికి బంగారం కొనాలన్నా ఆదోని పోవాలి. ముప్పై కిలోమీటర్లకు లోపే. కానీ అవ్వ ఆ ప్రయాణానికి కూడా ముందురోజే చీర మడిచి పెట్టుకొనేది.

1993లో మా చిన్నమ్మ పెండ్లి. పెండ్లికి వీడియో తీయించడం అప్పటికి మా వీధిలో కొత్త. ఆదోని నుంచి ఒక ఫొటోగ్రాఫరు, వెంట లైటు పట్టుకొనే కుర్రవాడు, ముందురోజు సాయంత్రమే బస్సు దిగారు. పందిరీ తోరణాలూ తీశాక ఆయన కన్ను ఇంటి ముందుగదిలోని గుంట మగ్గం మీద పడింది. "ఊరికే కొంచెంసేపు ఆడించు పెద్దాయనా, బొమ్మ బాగుంటాది" అని తాతను బతిమాలాడు. తాత మొదట ఒప్పుకోలేదు. తరువాత గుంటలోకి దిగి కూర్చున్నాడు. ఆ లైటు వేడికి ముఖం చిట్లించుకొని కొంతసేపు నేశాడు, ఉన్నట్టుండి మగ్గం ఆపి, లోపలి గదివైపు తల తిప్పి, "ఏమే, ఈ పిల్లోల్లకు మజ్జిగ పోస్తివా లేదా?" అని అడిగాడు. తెరమీద కనబడకుండా ఎక్కడినుంచో అవ్వ గొంతు, "పోసినాలే" అని పలికింది. అంతే. పద్నాలుగు సెకన్లు.

ఆ కాలపు పెండ్లి క్యాసెట్లు చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. మంత్రాల మీదా, మేళం మీదా, మనుషుల మాటల మీదా సినిమా పాటలు కప్పేసేవారు. మూడు గంటల క్యాసెట్‌లో మా బంధుకోటి అంతా నోళ్ళు కదిలిస్తూనే ఉంటుంది, వినబడేది మాత్రం పాట. ఆ మగ్గం దగ్గర ఒక పాట అయిపోయి రెండవది ఇంకా మొదలుకాలేదు. కూర్చినవాడు కావాలని వదిలాడో, ఏమరుపాటున వదిలాడో గాని, ఆ సందులో మగ్గం చప్పుడూ, తాత మాటా, అవ్వ జవాబూ మిగిలిపోయాయి. తాత 1999లో పోయాడు. ఆయన గొంతు మరెక్కడా లేదు.

ఇక ఆ యంత్రం సంగతి. మా మామ బొంబాయిలో కొన్నేళ్ళు పనిచేసి వస్తూ ఒక పాత వీసీఆర్ తెచ్చాడు. తెచ్చేనాటికే అది ముసలిది. క్యాసెట్‌ను పైనుంచి పెట్టే రకం. ముందువైపు హార్మోనియం మెట్లవలె మీటలు. నొక్కితే టక్కున దిగి, ఆ దిగినచోటే నిలిచిపోయేవి. ఏ మీట దిగి ఉన్నదో వేలితో తడిమితే చాలు, యంత్రం ఏమి చేస్తున్నదో తెలిసిపోయేది. ఆపే మీటను నొక్కితే దిగినది పైకి లేచేది. చీకటిలో కూడా పొరపాటు పడడానికి వీలుండేది కాదు. మా వీధిలో చీకటికి కొదవ లేదు గనుక ఇది చిన్న సుగుణం కాదు.

మీటల పక్కన చిన్న కిటికీలో మూడు అంకెల చక్రాలు తిరుగుతూ ఉండేవి. టేపు ఎంత నడిచిందో చెప్పే లెక్క అది. దాని పక్కన నొక్కితే అంకెలన్నీ సున్నాలయ్యే చిన్న బుడిపె. ఆ పక్కన 'మెమరీ' అని రాసి ఉన్న మరొక చిన్న మీట. దాని ప్రయోజనం మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. తాత పోయిన ఏడు మామే కనిపెట్టాడు. కావలసిన చోట అంకెలను సున్నా చేసి, మెమరీ మీటను వేసి ఉంచితే, తరువాత టేపును వెనక్కి తిప్పినప్పుడు అది మొదటిదాకా పోకుండా ఆ సున్నాల దగ్గరకు వచ్చి తనంతట తాను ఆగిపోతుంది. మామ ఆ సున్నాలను మగ్గం దగ్గర పెట్టాడు. చక్రాలు ఇనుమువో ప్లాస్టిక్కువో గాని, కరెంటుతో తిరిగే అంకెలు కావు. కరెంటు పోయినా చెరిగిపోయేవి కావు.

అప్పటికి ఇంటింటికీ కేబుల్ వచ్చింది. క్యాసెట్లు అద్దెకు తెచ్చి చూసేవారు తగ్గిపోయారు. ఆ యంత్రంలో పెండ్లి క్యాసెట్ ఒక్కటే స్థిరపడిపోయింది. అవ్వ మధ్యాహ్నం పనులు ముగించుకొని, వెనక్కి తిప్పే మీట నొక్కి, టక్కుమని ఆగేదాకా కూర్చొని, నడిపే మీట నొక్కేది. తాత మజ్జిగ సంగతి అడిగేవాడు. కొన్నిరోజులు మళ్ళీ వెనక్కి తిప్పేది, కొన్నిరోజులు అట్లే వదిలేసి పెండ్లంతా చూసేది. ఎవరినీ పిలవలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను సెలవులకు వచ్చినప్పుడు వంటింటి గడప దగ్గర కూర్చొని ఇదంతా చూస్తూ, చూడనట్లుండేవాణ్ణి.

2008 ప్రాంతంలో యంత్రం మూలపడింది. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయిందన్నారు, హెడ్డు అరిగిపోయిందన్నారు. బాగుచేసేవారు ఆదోనిలోనూ కరువయ్యారు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన ఫునాయ్ అనే జపాను సంస్థ కూడా 2016 జులైలో ఆపివేసింది. క్యాసెట్ మాత్రం అవ్వ చీరల పెట్టెలో, వేపాకుల మధ్య భద్రంగా ఉండిపోయింది.

2019 వేసవిలో దానిని ఆదోని తీసుకుపోయాను. పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణం ఒకటి ఉన్నదని విన్నాను. టేపును ఎక్కించడంలో తొందర పనికిరాదు. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు పడుతుంది. అంతసేపు ఆ దుకాణంలోనే కూర్చున్నాను. యజమాని మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. అతని ఫోను ఉర్దూలో ఉన్నది. ఆదోనిలో ఉర్దూ మాట్లాడేవారు చాలామంది. నా వృత్తిదోషం చేత ఆ తెరను వంగి చూశాను. ఉర్దూ కుడినుంచి ఎడమకు సాగుతుంది గనుక తెరంతా అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంది. వెనక్కి పొమ్మనే బాణం కుడివైపు చూస్తున్నది. కానీ అతను ఒక వీడియో తెరిస్తే, నడిపే త్రికోణం మాత్రం ఎప్పటివలెనే ఎడమనుంచి కుడికి చూస్తున్నది.

అది పొరపాటు కాదు. గూగుల్ వారి రూపకల్పన సూత్రాలలో దీనికి కారణం స్పష్టంగానే రాసి ఉన్నది: ఆ త్రికోణం కాలం నడిచే దిక్కును కాక టేపు నడిచే దిక్కును సూచిస్తుంది, కనుక ఏ భాషలోనూ దానిని తిప్పకూడదు. టేపు ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి చుట్టుకొనేది. 1960లలో టేపు రికార్డర్ల మీద వాడుకలోకి వచ్చిన ఆ గుర్తులు, తరువాత ఐఇసి 60417 అనే అంతర్జాతీయ ప్రమాణంలో చేరాయి. అందులో నడిపే త్రికోణం సంఖ్య 5107, కాసేపు నిలిపే జంటగీతలు 5111. ఒక ముచ్చట: తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఆ జంటగీతలకు 2014 దాకా దొరకలేదు. మనం కొన్నిటిలో ముందున్నాము.

టేపు పోయింది, చక్రాలు పోయాయి, కుడి ఎడమలు పోయాయి. త్రికోణం మిగిలింది. ఆదోని బజారులో టీ తాగుతూ నాకు తోచిన ప్రశ్న: అంత నిష్ఠగా టేపు గుర్తును కాపాడుకున్నవాళ్ళం, టేపు యంత్రంలోని మిగతా ఉపకారాలను ఎందుకు కాపాడుకోలేదు? ఆ మూడు చక్రాలూ, ఆ మెమరీ మీటా ఏమయ్యాయి?

ప్రశ్నకు జవాబు దొరకలేదు గాని, ఆ రాత్రే దాని ఫలితం కళ్ళారా చూశాను.

వీడియోను కొత్త ఫోనులోకి ఎక్కించి అవ్వ చేతికిచ్చాను. చుట్టూ అందరూ మూగారు. తాత కనబడేసరికి ఇల్లు నిశ్శబ్దమైంది. ఆయన మజ్జిగ అడిగాడు. అవ్వ, "నిలుపు నిలుపు" అన్నది. "నువ్వే నిలుపవ్వా, తెరమీద నొక్కు" అన్నాను. నొక్కింది. తెరమీద మీటలు ప్రత్యక్షమయ్యాయి. వాటిలో ఏది తనకు కావలసినదో పోల్చుకోవడానికి ఫోనును వెలుగువైపు తిప్పి, ముఖానికి దగ్గరగా పెట్టుకొని, వేలు చాచేసరికి మీటలు మాయమయ్యాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. మూడవసారి వణికే వేలు రెండుసార్లు తగిలింది. రెండుసార్లు తగిలితే పది సెకన్లు ముందుకు దూకమని అర్థం. తాత పోయి, పందిరి వచ్చింది, పాట మొదలైంది.

ఒకసారి ఎట్లో మీటలు ఉండగానే అందుకొంది. అప్పుడు మరొక చిక్కు. "ఇది నడుస్తా ఉంది గదా, ఇందులో నిలబడిన కట్టెలు చూపిస్తాదేమి?" అని అడిగింది. వీడియో నడుస్తున్నప్పుడు జంటగీతలు కనబడతాయి, ఆగి ఉన్నప్పుడు త్రికోణం కనబడుతుంది. అంటే ఆ మీట ఉన్న స్థితిని చెప్పదు, నొక్కితే కలగబోయే స్థితిని చెబుతుంది. దిగి ఉన్న మీటను తడిమి స్థితిని తెలుసుకున్న మనిషికి ఇది అబద్ధంవలె తోచింది. నేను వివరించబోయి మధ్యలో ఆగిపోయాను. వివరించిన కొద్దీ నాకే అబద్ధంగా తోచింది.

ఆ తరువాతనే ఫోను తిరిగి ఇచ్చేసింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను బెంగుళూరులో ఒక సంస్థలో పాఠాల వీడియోల తెరకు రూపకల్పన చేసేవాణ్ణి. మీటలు ఎంతసేపు కనబడాలి అన్న ప్రశ్న ఒక సమావేశంలో వచ్చింది. బొమ్మకు అడ్డు లేకుండా తొందరగా తొలగిపోవాలని వాదించినది నేనే. మూడు సెకన్లు అన్నాను. ఎందుకు మూడు అని ఎవరో అడిగారు. అందరూ అంతే పెడుతున్నారు అన్నాను. 3000 మిల్లీసెకన్లు అని ఆ అంకెను నా చేతితోనే టైపు చేశాను. ఆ సమావేశంలో ఉన్నవాళ్ళందరమూ ముప్పై అయిదేళ్ళ లోపువాళ్ళం, అందరికీ రెండు కళ్ళూ పనిచేస్తాయి.

అవ్వ ఫోనులో ఉన్నది మా సంస్థ మీట కాదు. అయినా ఆ మూడు సెకన్లు నావే అనిపించింది.

ఆ రాత్రి మిద్దె మీద పడుకొని లెక్క వేశాను. క్యాసెట్ నిడివి మూడు గంటలు, అంటే 10,800 సెకన్లు. తెర అడుగున సాగే గీత నిడివి దాదాపు ఆరున్నర సెంటీమీటర్లు. ఒక్క మిల్లీమీటరులో రెండు నిమిషాల నలభై అయిదు సెకన్లు ఇమిడి ఉన్నాయి. తెర అడ్డంగా 1080 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు పది సెకన్లు. వేలికొన ఆనేచోటు తొమ్మిది మిల్లీమీటర్లు అనుకుందాం. గూగుల్ వారు మీటకు ఉండవలసిన కనీసపు కొలతగా చెప్పేదీ ఇంచుమించు అంతే. అంటే అవ్వ వేలి కింద ఇరవై అయిదు నిమిషాల పెండ్లి నలిగిపోతుంది. అందులోంచి పద్నాలుగు సెకన్ల తాతను ఏరుకోమంటున్నాము. నూలుపోగును పలుగుతో పట్టుకోమన్నట్లున్నది.

మగ్గం దీనికంటే నయం అనిపించింది. మగ్గం మీద కూర్చున్న మనిషి తన చేతిని చూడడు, బట్టను చూస్తాడు. లాగవలసిన తాడు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. తొక్కవలసిన చెక్కలు కాలికిందే ఉంటాయి. 1733లో జాన్ కే అనే ఇంగ్లీషువాడు ఎగిరే నాడెను కనిపెట్టిన తరువాత, ఒక చేత్తో తాడు లాగితే నాడె ఈ కొసనుంచి ఆ కొసకు తానే పరుగెత్తుతుంది. రెండవ చేయి పేకను దగ్గరికి కొట్టడానికి మిగులుతుంది. పోగు తెగితే చెయ్యి ఆగుతుంది, మగ్గం ఆగుతుంది. తప్పు పడితే వేసిన పేకను వెనక్కి ఒక్కొక్క పోగే తీస్తారు. పది పోగులు ఎగిరి దూకే పని లేదు. మూడు సెకన్లు ఊరుకుంటే కనబడకుండా పోయే తాడు ఏ మగ్గానికీ లేదు. అట్లాంటి మగ్గం చేసిన వడ్రంగిని మా వీధివాళ్ళు ఏమి చేసి ఉండేవారో ఊహించగలను.

మర్నాడు సులువైన దారి తొక్కాను. ఆ పద్నాలుగు సెకన్లను కత్తిరించి వేరే వీడియోగా చేసి, ఫోనులో మొదటనే పెట్టి ఇచ్చాను. ముట్టుకుంటే చాలు, తాత మాట్లాడతాడు. గొప్ప పని చేశాననుకున్నాను. అవ్వ రెండుసార్లు చూసింది. ముఖం వాడిపోయింది.

"ముక్క కోసినావా?"

"అవునవ్వా. నీకు కావాల్సింది అదే గదా."

"మళ్ళ పెండ్లి యాడికి పాయె?"

పెండ్లి ఇంకొక వీడియోలో ఉన్నదని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. తాత మజ్జిగ అడిగిన తరువాత పందిరి రావాలి, పందిరి తరువాత చిన్నమ్మ రావాలి. చూడబుద్ధి అయితే చూస్తుంది, లేకుంటే లేదు. అది అక్కడ ఉండాలి. "పడుగులోంచి ముక్క కోస్తే అది గుడ్డపేలిక అయితాది గాని చీర అయితాదా?" అన్నది. నేను నోరు మూసుకున్నాను.

అప్పటికి నాకు అసలు సంగతి బోధపడింది. ఆమెకు వీడియోను నిలిపే పని లేదు, నడిపే పని కూడా అంతగా లేదు. ఆమెకు కావలసినది ఒక నిండు వస్తువులో తనదైన ఒక చోటు, ఆ చోటికి తిరిగి వచ్చే దారి. పాత యంత్రంలోని మెమరీ మీట సరిగ్గా అదే ఇచ్చింది. ఫోనులోని వీడియో తెరలకు తెరను సర్దేవీ, వేగాన్ని పెంచేవీ, చూసినదాన్ని మెచ్చుకొనేవీ ఎన్నెన్నో మీటలు వచ్చాయి. "ఆ చోటికి" అనే మీట మాత్రం ఎదురుగా ఎక్కడా లేదు. ఒకే వస్తువును పదిహేనేళ్ళు చూసే మనిషిని తలచుకొని ఎవరూ గీయలేదు. నేనూ గీయలేదు.

బెంగుళూరు వెళ్ళిన తరువాత, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్ళు కూర్చొని అవ్వకోసం ఒక చిన్న వీడియో తెర తయారుచేశాను. గొప్ప పనితనమేమీ లేదు. ఈ విద్య వచ్చినవారెవరైనా రెండు వారాలలో చేయగలరు. తెర పై సగం బొమ్మ. కింది సగమంతా ఒకే మీట, ఎర్రగా. అది మాయం కాదు. ఎక్కడ తాకినా, ఎంత వణికి తాకినా, ఒకసారి తగిలినా మూడుసార్లు తగిలినా ఒకటే అర్థం: గుర్తు పెట్టిన చోటికి పోయి అక్కడనుంచి నడువు. తాకినప్పుడు ఫోను చిన్నగా అదురుతుంది; టక్కుమని దిగే మీటకు బదులు అదే దొరికింది. త్రికోణం గీయలేదు, గీతలు గీయలేదు. ఆపాలంటే ఫోనును బోర్లా పెట్టడమే. తెరను కిందికి తిప్పితే వీడియో ఆగుతుంది, పైకి తిప్పితే ఆగినచోటనుంచి సాగుతుంది. ఈ ఒక్కటీ నాకు కొంచెం గర్వకారణం. అవ్వ ఏ వస్తువునైనా పని అయిపోగానే బోర్లించి పెడుతుంది, చెంబుతో సహా.

గుర్తును ఎక్కడ పెట్టాలో చాలా శ్రద్ధగా చూశాను. 41 నిమిషాల కొన్ని సెకన్ల దగ్గర, "ఏమే" అన్న పిలుపులో మొదటి అక్షరం ఎక్కడ మొదలవుతుందో, సెకనులో పదోవంతు తేడా లేకుండా పట్టుకొని అక్కడ పెట్టాను.

దసరాకు ఊరికి పోయి చూపించాను. అవ్వ తాకింది. ఫోను అదిరింది. "ఏమే, ఈ పిల్లోల్లకు…" అని తాత గొంతు పలికింది. ఆమె ఉలిక్కిపడింది.

మళ్ళీ తాకింది. మళ్ళీ అంతే.

"బాగుంది గాని నాయనా, అట్ల గొంతు మీద పడిపోతే ఎట్ల? మగ్గం నిలబడల్ల గదా ముందు."

అర్థం కాలేదు. ఆమె చేత్తో గాలిలో తాడు లాగి చూపించింది. టకటక టకటక, అని నోటితో మగ్గం చప్పుడు చేసి, ఠక్కున ఆపి, కాసేపు ఊరుకుంది. "అప్పుడు పిలస్తాడు" అన్నది.

పాత యంత్రంలో మెమరీ మీట ఎన్నడూ కచ్చితంగా సున్నా దగ్గర ఆగలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. వేగంగా తిరుగుతున్న చక్రాలు ఆగమన్నచోట ఆగవు, కొంచెం వెనక్కి జారి ఆగుతాయి. ఆ జారుడులో పది పన్నెండు సెకన్ల మగ్గం చప్పుడు కలిసి వచ్చేది. పదిహేనేళ్ళపాటు ఆమె విన్నది తాత గొంతు ఒక్కటే కాదు. చప్పుడు, చప్పుడు ఆగడం, ఆ తరువాత గొంతు. యంత్రపు లోపం అనుకున్నది ఆమెకు సిద్ధపడే వ్యవధి. 1999లో అమెరికాలో టీవో అనే యంత్రం వచ్చింది, టీవీ కార్యక్రమాలను దాచుకొని చూసుకొనేది. వేగంగా ముందుకు పోతూ కావలసినది కనబడగానే నడిపే మీట నొక్కితే, అది అక్కడే ఆగక కొంచెం వెనక్కి జరిగి మొదలుపెట్టేది. మనిషి కన్ను చూసిన తరువాత గాని వేలు కదలదని దానిని చేసినవారికి తెలుసు. ఎనిమిది సెకన్లు వెనక్కి పోయే మీట ఒకటి ప్రత్యేకంగా ఉండేది. ఇవన్నీ నేను చదువుకున్నవే. చదువుకొని కూడా సెకనులో పదోవంతు లెక్క చూసుకొని మురిసిపోయాను.

గుర్తును పదకొండు సెకన్లు వెనక్కి జరిపాను. అవ్వ తాకింది. మగ్గం ఆడింది, ఆగింది. తాత పిలిచాడు. ఆమె ఏమీ అనలేదు. ఫోనును బోర్లించి, లేచి, పొయ్యి మీది పాలు చూడడానికి పోయింది. సరిపోయినట్లే.

ఆఫీసులో ఆ మూడు సెకన్ల అంకెను గురించి మళ్ళీ మాట్లాడాను. పెద్ద తగవేమీ జరగలేదు. మీటలను మాయం చేయాలా వద్దా అన్నది చూసేవారి ఇష్టానికి వదలాలని నేనన్నాను; ఆ ఇష్టాన్ని తెలిపే మీట ఎక్కడ పెట్టాలని వాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను సంస్థ మారేనాటికి మూడు అయిదు అయింది.

ఇప్పుడు అవ్వకు ఎనభై అయిదు దాటాయి. ఫోను రెండుసార్లు మారింది, ఎర్ర మీట మారలేదు. పుష్యపౌర్ణమికి మా ఊరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర. ఎక్కడెక్కడి బంధువులూ దిగుతారు. మొన్నటి జాతరకు నేను పోయినప్పుడు, మధ్యాహ్నం ఎండలో పిల్లలందరూ రథం దగ్గరికి పోతే, అవ్వా నేనూ కూర్చొని ఆ పెండ్లిని మొదటినుంచి చివరిదాకా చూశాము. మూడు గంటలూ చూశాము. చూస్తూ ఉండగా, రెండున్నర గంటలు దాటిన తరువాత, అప్పగింతలకు ముందు, పాట హోరులో ఒక మూలనుంచి ఒక ఆడమనిషి పళ్ళెం పట్టుకొని ఇటునుంచి అటు నడిచిపోయింది. రెండు సెకన్లుండవచ్చు. ముఖం సగమే కనబడింది.

"అది మా అక్క" అన్నది అవ్వ.

నాకు ఆ పెద్దవ్వ గుర్తు లేదు. నేను పలక పట్టకముందే పోయింది. ఎన్నిసార్లు ఈ క్యాసెట్ చూశానో లెక్క లేదు, ఒక్కసారీ ఆమెను గమనించలేదు. అవ్వ ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పాత యంత్రంలో సున్నాలు ఒక్కచోటే పడతాయి, ఆ ఒక్కచోటు తాతకు ఇచ్చేసింది.

"అక్కడ కూడా ఒకటి పెట్టేకి అయితాదా?" అని అడిగింది.

అవుతుందన్నాను. అని, ఆలోచనలో పడ్డాను. కింది సగమంతా ఒకే మీట అయినందువల్లనే వణికే చేతికి అది అందింది. రెండు చేస్తే ఒక్కొక్కటీ సగమవుతుంది. దేని మీద ఏమి రాసినా ఆమె చదవలేదు. రంగులు మార్చవచ్చు, కానీ రెండవ కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఎంతవరకు వేరుగా తెలుస్తున్నాయో సందేహమే. ఒకటి పైనా ఒకటి కిందా పెట్టాలా, పక్కపక్కన పెట్టాలా అని కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. తాతను కుడివైపు పెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

అవ్వ కాగితం వైపు వంగి చూసింది.

"మా అక్కను ఎడమ పక్క పెట్టు. ఆమెది ఎడమచేతి వాటం."